మంజీరా సీమలో చేపల వేటకు చెరువు నెంచుట

గుంపుగా చేపల వేటకు పోవలెనని తలచినప్పుడు “ఏ చెరువునకు?” అను ప్రశ్న మొదట పుట్టును. దీనికి సమాధానము చేప స్వభావమునందును, చెరువు చరిత్రయందును వెదకవలెను.

అమెరికాలో ఇట్టి గుంపులు ‘బాస్’ అను చేపను కోరి సరస్సులకు పోవుదురు. అది నాచు చాటున పొంచియుండి చిన్న చేపలను మ్రింగు జాతి. బీదరు సీమలో గుణమున దానికి సమీపమైనది మన కొర్రమట్ట.

ఔరాదు తాలూకాలోని చింతకి వారికి అందుబాటున నున్న పెద్ద జలాశయములు మంజీరా నదివో, దాని ఉపనదులవో. ఈ నది బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు సీమను దాటి, తెలంగాణమున కందకుర్తి కడ గోదావరిలో కలియుచున్నది. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడగా బీదరు మైసూరు రాష్ట్రమున చేరెను. అంతవరకు బీదరు జిల్లాలో నుండిన నారాయణఖేడు మెదకు జిల్లాలో కలిసెను. ప్రజల నడుమ సరిహద్దు వచ్చినను, నది మాత్రము ఒక్కటే.

ఈ జలాశయములలో నేదియు వినోదమునకై కట్టినది కాదు. నిజాంసాగరము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దానికి ప్రధాన శిల్పి. దానికొరకు సుమారు 40 గ్రామములు ఖాళీ చేయవలసి వచ్చెను. భాల్కి తాలూకాలోని కారంజా జలాశయము పొలములకు నీరిచ్చును. సింగూరు జలము హైదరాబాదు నగరమునకు త్రాగునీరైనది. సింగూరునకు దిగువన మంజీరా అభయారణ్యము 1978లో ఏర్పడినది. అచట మొసళ్ళు కలవు; వేట నిషిద్ధము. కావున ఆ చోటును మొదటనే విడువవలెను.

లోతైన జలాశయములు బొచ్చె, రోహు చేపలకు అనుకూలములు. కొర్రమట్టకు లోతు తక్కువై, నాచును తుంగయు గల గట్టువార నీరు ప్రియము. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చును గనుక కొలది నీటిలోను బ్రతుకగలదు. అందుచేత దానిని కోరువారికి పెద్ద జలాశయము కంటె పాత ఊరి చెరువే తగినది.

అయితే ఊరి చెరువు యజమాని లేని సొత్తు కాదు. సరిహద్దున కిరువైపులను చెరువులలో చేపల హక్కును మత్స్యకారుల సహకార సంఘములకు గుత్తకిచ్చుట వాడుక. గుత్త చెల్లించి, పిల్లచేపలను విడిచి, ఏడాది పొడవున కాచుకొనువారు వారు. మనకు ఒక పూట వేడుకయైనది వారికి ఇంటిల్లిపాది కూడు. కావున సంఘమువారి యనుమతి గైకొని, వారడిగిన రుసుము చెల్లించి దిగుటయే న్యాయము.

కాలమును గూడ ఎంచవలెను. వానకాలమున కొర్రమట్ట జంట తన పిల్లల గుంపును కాచుచుండును; అప్పుడు తల్లిదండ్రులను పట్టినచో పిల్లలు ఇతర చేపల పాలగును. వానలు వెనుకబట్టి, నీరు తేరిన పిమ్మట పోవుట మేలు.

ఇట్లు చేపకు తగిన నీరును, హక్కుదారుల సమ్మతియు, తగిన కాలమును మూడును కుదిరిన చెరువునే మన సంఘ యువకులు ఎంచుకొందురు గాక.