రాగి, మాటు, గాలి: తార్నాక చుట్టూ ఒక రేడియేటర్ చరిత్ర

తార్నాక కూడలికి ఒకవైపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైంది. మరోవైపు ఉస్మానియా క్యాంపస్, అందులో 1929లో పుట్టిన ఇంజనీరింగ్ కాలేజీ. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు సాగితే రసాయన పరిశోధనల ఐఐసీటీ, భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ ప్రయోగశాలలు వస్తాయి. ఆవిరి యంత్రం నుంచి బ్యాటరీ కారు దాకా, యంత్రాల వేడితో నగరం పట్టిన కుస్తీలో చాలా భాగం ఈ నాలుగడుగుల నేల చుట్టూనే చెప్పుకోవచ్చు. ఉస్మానియా పరిధిలోని కాలేజీల కుర్రాళ్లు ఇప్పుడు రేసు కారుకు సొంతంగా రేడియేటర్ అమర్చినా, టర్బో తగిలించి ఇంటర్‌కూలర్ కట్టినా ఆ కుస్తీలో ఇంకో పట్టు పడుతున్నట్టే. అయితే ‘సొంతంగా కట్టడం’ అంటే పాతరోజుల్లో ఒకటి, ఇప్పుడు ఒకటి. ఆ తేడాకు కారణం మనిషి కాదు, లోహం.

ఇంజన్‌లో మండిన పెట్రోలు శక్తిలో సుమారు మూడోవంతే పనికొస్తుంది. దాదాపు అంతే పొగతో పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లు మోయాలి. తొలినాళ్ల కార్లు ఆ నీటిని మరిగించి ఆవిరిగా వదిలేసేవి, దారి పొడవునా మళ్లీ నింపుకునేవి. 1901 నాటి మెర్సిడెస్ కారు కోసం విల్హెల్మ్ మేబాఖ్ 8,070 సన్నని గొట్టాలను తేనెపట్టులా పేర్చి ఆ చిక్కు విప్పాడు. కొద్ది నీటికి ఎక్కువ గాలి తగిలేలా చేయడమే అందులోని కిటుకు. నూట పాతికేళ్ల తర్వాత కూడా రేడియేటర్ ఆ సూత్రం మీదే నడుస్తోంది.

హైదరాబాద్ సంస్థానంలో ప్రజల బస్సులు నడిపింది కూడా రైల్వే వాళ్లే. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆర్టీసీకి మూలం అదే. అప్పటి బస్సులు స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బండ్లు. చలిదేశంలో పుట్టిన ఇంజన్లకు దక్కన్ మే నెల ఎండ కొత్త. పైగా నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. మూత బిగించని రేడియేటర్‌లో నీళ్లు ఇక్కడ 100 డిగ్రీల దాకా ఆగవు, 98 దగ్గరే తెర్లుతాయి. తర్వాత వచ్చిన ప్రెషర్ క్యాప్ లోపలి ఒత్తిడి పెంచి ఆ హద్దును ఇరవై డిగ్రీల వరకు పైకి జరిపింది.

రాగి రెక్కలు, ఇత్తడి గొట్టాలు ఉన్నన్నాళ్లు రేడియేటర్ బాగుచేయడం వీధి చివర పని. గొట్టాలను కలిపేది సీసం, తగరం కలిసిన మాటు. అది రెండొందల చిల్లర డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి చిన్న మంట చాలు. పని పద్ధతీ సులువే. రంధ్రాలన్నీ మూసి, రెక్కలూ గొట్టాలూ కలిసిన కోర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, లోపలికి గాలి కొట్టి, బుడగ లేచిన చోట గుర్తుపెట్టుకుని మాటు వేయడం. బిందెకూ గుండిగకూ మాటు పెట్టే చెయ్యి ఈ పనిలో త్వరగానే కుదురుకునేది.

ఆ చేతికి అసలు శత్రువు చిల్లు కాదు, గార. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలాలే. 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు చదివే భూగర్భ జలాల్లోని సున్నాన్నే మెకానిక్ రేడియేటర్ గొట్టంలోంచి గీకి తీస్తాడు. రాగితో పోలిస్తే ఆ సున్నపు పొర వేడిని ప్రసరింపజేసే శక్తి నూరో వంతు కూడా ఉండదు. పైట్యాంకు విప్పి, ఒక్కో గొట్టంలోకి సన్నని ఇనుప పట్టీ దూర్చి గార తోయడం ఆ వృత్తిలో సగం పని.

క్యాంపస్‌లో అదే సంగతి సమీకరణంగా ఉంటుంది. బయటికి పోయే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది: ఉపరితలం ఎంత, నీటికీ గాలికీ ఉష్ణోగ్రత తేడా ఎంత, ఆ రెండూ ఎంత వేగంగా కదులుతున్నాయి. ఉర్దూ మాధ్యమంలో మొదలై, 1947లో సొంత భవనానికి చేరిన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ నుంచి తరాల తరబడి మెకానికల్ పట్టభద్రులు ఈ లెక్క నేర్చుకుని వచ్చారు. షాపులో పనివాడు లెక్క లేకుండా చేసేవాడు, వీళ్లు చేత్తో ముట్టకుండా లెక్కించేవారు.

తర్వాత లోహం మారింది. 1970ల నుంచి ప్రపంచమంతటా కార్ల తయారీదారులు తేలికని, చౌక అని అల్యూమినియం కోర్‌కు, ప్లాస్టిక్ ట్యాంకులకు మళ్లారు. మన రోడ్ల మీదికీ క్రమంగా ఆ బండ్లే వచ్చాయి. అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, మామూలు మాటు దానికి అంటుకోదు. ఫ్యాక్టరీలో ఈ కోర్లను నైట్రోజన్ నింపిన కొలిమిలో, 600 డిగ్రీల దరిదాపుల్లో అతుకుతారు. ఆ కొలిమి వీధి షాపులో ఉండదు. బాగుచేసే పని కాస్తా పాతది తీసి కొత్తది బిగించే పనిగా మారిపోయింది.

అదే కాలంలో రేడియేటర్ పక్కకు ఇంటర్‌కూలర్ అనే తోబుట్టువు చేరింది. పొగ వేగంతో తిరిగే చక్రంతో గాలిని ఇంజన్‌లోకి కూరే టర్బో ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిక్కల్లా, నొక్కిన గాలి వేడెక్కుతుంది. నలభై డిగ్రీల ఎండలో గాలిని రెట్టింపు ఒత్తిడికి తెస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, అది 138 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచన. దాన్ని ఇంటర్‌కూలర్ గుండా పంపి 60 డిగ్రీలకు దించితే అదే సిలిండర్‌లో ఐదోవంతుకు పైగా ఎక్కువ గాలి పడుతుంది. హైదరాబాద్‌లో 2003లో భారత్ స్టేజ్-2, 2005లో స్టేజ్-3 పొగ ప్రమాణాలు అమలయ్యాయి. ఆ ప్రమాణాలు బిగిసే కొద్దీ డీజిల్ బండ్లలో ఇంటర్‌కూలర్ మామూలైంది. టాటా బండ్ల మీద కనిపించే ‘టీసీఐసీ’ అక్షరాల అర్థం టర్బో, ఇంటర్‌కూలర్ రెండూ ఉన్నాయనే.

రేసు కారును సొంతంగా కట్టిన వాళ్లలో దక్షిణాదిన ముందు చెప్పాల్సిన పేరు ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన తెలుగు నాయుళ్ల కుటుంబం ఆయనది. 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్‌తో ఆయన కట్టిన ఫార్ములా మారుతి కార్లలోనే నారాయణ్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో ఈ పిచ్చి ఇంకో దారి పట్టింది. కె. సుధాకర్ పాత సామాన్లతో క్రికెట్ బంతి, వంకాయ ఆకారాల్లో నడిచే కార్లు చేసి, బహదూర్‌పురాలో మ్యూజియమే పెట్టారు.

కాలేజీ కుర్రాళ్లకు వేదిక దొరికింది ఆ తర్వాత. అమెరికాలో 1981లో మొదలైన ఫార్ములా ఎస్ఏఈ తరహాలో, మన దేశంలో సుప్రా ఎస్ఏఈ ఇండియా పోటీలు 2011లో ప్రారంభమయ్యాయి. ఈ కోవ పోటీల నియమాల్లో వేడికీ చోటుంది. ట్రాక్ మీద ఒలికితే చక్రాలు జారతాయని కూలెంట్ పోయనివ్వరు, వట్టి నీళ్లే పోయాలి. పొంగిన నీళ్లు పట్టడానికి కనీసం 900 మిల్లీలీటర్ల డబ్బా ఉండాలి. పెట్రోలు ఇంజన్‌కు అందే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే రావాలి. టర్బో పెట్టుకోవచ్చు, కానీ ఇంటర్‌కూలర్ వేడిని బయటి గాలికే వదలాలి. ఐసు గడ్డల తెలివి చెల్లదు.

చాలా జట్లు కేటీఎం 390 డ్యూక్ బైకు ఇంజన్ వాడతాయి. బైకు మీద దాని రేడియేటర్ ముందు చక్రం వెనకే ఉంటుంది, ఎదురుగాలి నేరుగా తగులుతుంది. కారులో ఇంజన్ డ్రైవర్ వెనక్కి పోతుంది, రేడియేటర్ పక్కకు జరుగుతుంది, గాలికి దారి చూపే బాధ్యత కట్టేవాళ్ల మీద పడుతుంది. చేతిపని ఇప్పుడు మిగిలింది ఇక్కడే. కోర్‌ను ఇంకో బండి నుంచో, దుకాణం నుంచో తెచ్చుకుంటారు. దాని ట్యాంకులు కోసి, తమ పైపుల కొలతకు అల్యూమినియం షీటుతో కొత్తవి మలిచి, టిగ్ వెల్డింగ్ పెట్టిస్తారు. చిన్న మూతితో మొదలై నెమ్మదిగా వెడల్పయ్యే గొట్టం కట్టి, అంచుల్లో సందు లేకుండా మూస్తారు. సందుంటే గాలి కోర్‌లోకి దూరదు, పక్కనుంచి జారుకుంటుంది. పైపుల్లో ఎత్తైన చోట గాలి బుడగ నిలిస్తే నీటి ప్రవాహం ఆగుతుంది కాబట్టి, అక్కడ గాలి వదిలే మర పెడతారు. నీళ్ల తొట్టి పరీక్ష మాత్రం పాత మాటు షాపుల నాటిదే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. ఆ కార్లలోనూ రేడియేటర్లు ఉన్నాయి. విద్యార్థుల పోటీల్లోనూ విద్యుత్ విభాగం వచ్చింది. పెట్రోలు ఇంజన్ కన్నా బ్యాటరీ తక్కువ వేడే పుట్టిస్తుంది, కానీ నియమం ప్రకారం సెల్ 60 డిగ్రీలు దాటకూడదు. మే ఎండలో నీటికీ గాలికీ మధ్య పెట్రోలు కారులో యాభై డిగ్రీలకు పైగా తేడా దొరికేది, ఇప్పుడు ఇరవయ్యే మిగిలింది. అంటే అంతే వేడి వదిలించుకోవాలంటే రెండున్నర రెట్లకు పైగా పెద్ద రేడియేటర్ కావాలి. దాన్ని కారులో ఎక్కడ ఇరికించాలన్నదే ఇప్పటి జట్ల ముందున్న లెక్క.