హెల్బోను ద్రాక్షారసం, మన ఇప్పపూలు

యెహెజ్కేలు 27లో తూరు పట్టణపు సరుకుల పట్టీని మనం గబగబా చదివి దాటేస్తాం. 18వ వచనం దగ్గర ఆగుదాం. దమస్కు వర్తకులు అక్కడ అమ్మింది ఉత్త ద్రాక్షారసం కాదు, హెల్బోను ద్రాక్షారసం. ఊరి పేరు చెబితేనే ధర. దమస్కుకు ఉత్తరాన కొండల్లో ఆ ఊరు హల్బూన్ పేరుతో నేటికీ ఉంది. పారసీక రాజులు ద్రాక్షారసాన్ని అంత దూరంలోని సిరియానుంచే తెప్పించుకునేవారని స్ట్రాబో రాశాడు.

ఆ మోజు ఓడెక్కి మన దేశానికీ వచ్చింది. 1వ శతాబ్దపు పెరిప్లస్ అనే గ్రీకు పుస్తకం ప్రకారం, భరుకచ్ఛ రేవులో ఇటలీ ద్రాక్షారసానికే ముందు గిరాకీ. తర్వాతే లవొదికయది, అరేబియాది. (ఇది ప్రకటన గ్రంథంలోని లవొదికయ కాదు, సిరియా తీరంలోనిది.) పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ తవ్వించినప్పుడు ఆ జాడీల పెంకులు దొరికాయి.

మన భద్రాచలం అడవిలో ఉన్నది ఇప్పచెట్టు. వేసవి మొదట్లో రాత్రి రాలిన పూలను కోయ అక్కచెల్లెళ్లు తెల్లవారుజామునే ఏరి ఎండబెడతారు. వండుకుంటారు, సారా కాస్తారు. దాన్ని చూసి ముక్కు చిట్లిస్తూ, పేరున్న సీసాను మాత్రం మెచ్చుకునే చదువుకున్నవాళ్లం మనలోనూ ఉన్నాం. సామెతలు 23:31 హెచ్చరిక ఎర్రని ద్రాక్షారసం గురించే కదా! కూలి డబ్బంతా తాగుడుకు పోయిన ఇళ్లలో మోకరించినప్పుడు, అది ఏ సీసాలోదని మనం అడగలేదు.

పులియని ద్రాక్షరసానికీ చరిత్ర ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ప్రభువు బల్లకోసమే, రసం పులియకుండా వేడిచేసి సీసాల్లో నింపాడు. తాగుడు మానాలని పోరాడుతున్న సహోదరులు మన సంఘంలో ఉన్నారు. వచ్చే ఆదివారం బల్ల దగ్గర గిన్నెలో మనం పోసేది అదే.