బైక్ సైలెన్సర్ మారుస్తున్నారా? సౌండ్ సంగతి సరే.. ఇంజిన్, లైసెన్స్ సంగతేంటి?

కొత్త బైక్ ఇంటికొచ్చిన నెలకే చాలామందికి కంపెనీ సైలెన్సర్ మీద మనసు విరిగిపోతుంది. "సౌండ్ లేదు, బరువెక్కువ, లుక్ లేదు" అంటూ ఆన్‌లైన్‌లో వెతుకులాట మొదలవుతుంది. నాలుగు బోల్టులు విప్పి, నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోయే పనే కదా అనిపిస్తుంది. విప్పడం తేలికే. కానీ ఆ నాలుగు బోల్టులతో పాటు బైక్ నుంచి ఇంకేం ఊడుతోందో తెలియకపోతే జేబుకు చిల్లే. పైగా 3 నెలల పాటు లైసెన్స్ పోయే సెక్షన్ కూడా ఉంది. డెలివరీ పని చేసేవాళ్లకైతే 3 నెలల లైసెన్స్ అంటే 3 నెలల జీతం. అందుకే డబ్బు పెట్టే ముందు ఇవన్నీ ఒకసారి చూడండి.

అసలు సైలెన్సర్ ఏం చేస్తుంది?

ఇంజిన్‌లో పెట్రోల్ మండిన ప్రతిసారీ వేడి గ్యాస్ ఒక దెబ్బలా బయటికి వస్తుంది. ఇంజిన్ హెడ్ నుంచి దాన్ని తీసుకొచ్చేది బెండ్ పైపు. ఆ దెబ్బను లోపలి గదుల్లో, రంధ్రాల గొట్టాల్లో తిప్పి మెత్తబరిచేది సైలెన్సర్. బీఎస్-6 బైకుల్లో మరో రెండు ముఖ్యమైన వస్తువులు కూడా ఈ దారిలోనే ఉంటాయి.

ఒకటి క్యాటలిటిక్ కన్వర్టర్. తేనెపట్టు లాంటి దీని లోపలి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. విష వాయువుల తీవ్రతను తగ్గించేది ఇదే. రెండోది ఆక్సిజన్ సెన్సర్. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి ఈసీయూకి చెబుతుంది. దాన్ని బట్టే ఈసీయూ పెట్రోల్ పెంచడమో, తగ్గించడమో చేస్తుంది. అంటే సైలెన్సర్ వైపు మార్పు చేస్తే ఇంజిన్ తినే తిండి కూడా మారొచ్చన్నమాట.

స్లిప్ ఆన్, ఫుల్ సిస్టమ్.. తేడా ఏంటి?

స్లిప్ ఆన్ అంటే బెండ్ పైపును అలాగే ఉంచి చివరి డబ్బాను మాత్రమే మార్చడం. పని సులువు, ఖర్చు తక్కువ. ఫుల్ సిస్టమ్ అంటే ఇంజిన్ హెడ్ దగ్గర నుంచి చివరి దాకా మొత్తం మార్చేయడం.

ఇక్కడ అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటే. మీ బైక్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఎక్కడుంది? కొన్ని మోడళ్లలో బెండ్ పైపులో, కొన్నింట్లో సైలెన్సర్ డబ్బాలో ఉంటుంది. డబ్బాలో ఉన్న బైక్‌కు మామూలు స్లిప్ ఆన్ వేసినా కన్వర్టర్ పోయినట్టే. అప్పుడు పొల్యూషన్ టెస్ట్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల రీడింగ్ పెరిగి ఫెయిల్ అయ్యే అవకాశం ఉంది.

పవర్ నిజంగా పెరుగుతుందా?

చిన్న సింగిల్ సిలిండర్ బైక్‌కు స్లిప్ ఆన్ ఒక్కటే వేస్తే రోడ్డు మీద తెలిసేంత పవర్ పెరగదు. సౌండ్ పెరిగింది కాబట్టి స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. నిజంగా దక్కేది బరువు తగ్గడం.

పైపు మరీ వెడల్పయితే గ్యాస్ వేగం పడిపోయి తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగుడు తగ్గుతుంది. సిటీ ట్రాఫిక్‌లో మనం వాడేది ఎక్కువగా ఆ తక్కువ ఆర్‌పీఎమ్మే. ఫుల్ సిస్టమ్ వేసి ఈసీయూ మ్యాప్ మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కొచ్చు. పాత కార్బురేటర్ బైకులకైతే జెట్ మార్చాల్సి వస్తుంది.

టూ స్ట్రోక్ కథ వేరు. ఆర్ఎక్స్ 100 లాంటి బండికి ఉండే ఉబ్బెత్తు సైలెన్సర్ శబ్దం తగ్గించడానికి మాత్రమే కాదు. దాని లోపలి ఆకారం నుంచి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అల, బయటికి జారిపోబోయే తాజా పెట్రోల్ మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ బండికి లోపల ఖాళీగా ఉన్న గొట్టం బిగిస్తే గోల పెరుగుతుంది, పికప్ పోతుంది.

ఎన్ని డెసిబెల్స్ దాకా ఓకే?

మన దేశంలో మోటార్‌సైకిళ్లకు తయారీ దశలోనే శబ్ద పరిమితి ఉంది.

• 80 సీసీ వరకు: 75 డెసిబెల్స్
• 80 నుంచి 175 సీసీ వరకు: 77 డెసిబెల్స్
• 175 సీసీ దాటితే: 80 డెసిబెల్స్

10 డెసిబెల్స్ పెరిగితే పెద్ద తేడా ఏముందిలే అనుకోవద్దు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 80 నుంచి 90కి వెళ్తే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది. చెవికి దాదాపు రెట్టింపు గోలగా వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఉండాల్సిన పరిమితి 45 డెసిబెల్సే. అర్ధరాత్రి సందులోంచి ఒక్క బైక్ వెళ్తే ఆ వీధిలోని పసిపిల్లలు, ముసలివాళ్లు అందరూ లేచి కూర్చునేది ఇందుకే.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని రూల్ 120 ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. ఇక 2019 సవరణల తర్వాత శిక్షలు గట్టిగా ఉన్నాయి.

• సెక్షన్ 190(2): శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటిన బండిని నడిపితే మొదటిసారి రూ.10 వేల వరకు జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. దాంతో పాటు 3 నెలలు లైసెన్స్‌కు అనర్హత. నడిపినవారే కాదు, ఆ బండి నడపనిచ్చినవారు కూడా దీని కిందికే వస్తారు.
• సెక్షన్ 182ఏ(4): చట్టం అనుమతించని విధంగా బండిలో మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

కోర్టు దాకా వెళ్లకుండా కట్టే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు.

షాపులో వినిపించే మాటలు.. అసలు నిజాలు

*"దీని మీద యూరప్ ఈ మార్క్ ఉంది, ఎవరూ ఆపరు."* ఆ ముద్ర యూరప్ నిబంధనలకు సంబంధించింది. ఇక్కడి రోడ్డుకు అది అనుమతి పత్రం కాదు.

*"డీబీ కిల్లర్ పెట్టుకుంటే చాలు."* డీబీ కిల్లర్ అంటే సైలెన్సర్ మూతిలో పెట్టే చిన్న గొట్టం. సౌండ్ కొంత తగ్గిస్తుంది. కానీ తీసేసిన క్యాటలిటిక్ కన్వర్టర్ పనిని చేయదు.

*"పటాకా సౌండ్ కూడా వస్తుంది."* మండని పెట్రోల్ వేడి పైపులోకి వెళ్లి అక్కడ పేలడమే ఆ పటాకా. కావాలని ఆ పని చేస్తే క్యాటలిటిక్ కన్వర్టర్, వాల్వులు దెబ్బతినే ప్రమాదం ఉంది.

*"ఇండోరీ, పంజాబ్ సైలెన్సర్లు బుల్లెట్‌కు అందరూ వేస్తున్నారు కదా."* అందరూ వేస్తే రూల్ మారదు. 350 సీసీ బండికి పరిమితి 80 డెసిబెల్సే.

రేస్ ట్రాక్ వాడకానికి మాత్రమే అని ప్యాక్ మీద రాసి ఉంటే ఆ మాటకు అర్థం అదే. రోడ్డు మీద వాడకూడదని.

బిగించేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

కంపెనీ యాక్సెసరీ కింద అమ్మే సైలెన్సర్ కావచ్చు, పాడైన పాతదాని స్థానంలో కొత్త ఒరిజినల్ కావచ్చు, ట్రాక్ బైక్ కావచ్చు. పని పద్ధతి మాత్రం ఒకటే.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. తుప్పు పట్టిన నట్లకు ముందు రస్ట్ స్ప్రే కొట్టి కాసేపు ఆగాలి. బలవంతం చేస్తే ఇంజిన్ హెడ్‌లోని స్టడ్ విరుగుతుంది. దాన్ని బయటికి తీయించే ఖర్చు కొత్త సైలెన్సర్ ధరను గుర్తు చేస్తుంది.
2. ఆక్సిజన్ సెన్సర్ వైరు మెలిపడకుండా, సెన్సర్ కింద పడకుండా చూసుకోవాలి.
3. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. ఒకసారి నలిగిన గ్యాస్కెట్ రెండోసారి సరిగా కూర్చోదు.
4. ముందు అన్ని నట్లూ చేత్తో వదులుగా ఎక్కించి పైపు వరస సరిచూడాలి. తర్వాత ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా బిగించాలి. ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో టార్క్ లెక్క ఉంటుంది.
5. స్వింగ్ ఆర్మ్, బ్రేక్ గొట్టం, వెనక టైరు దేనికీ తగలకుండా జాగా ఉందో లేదో మనిషిని కూర్చోబెట్టి చూడాలి.
6. హీట్ షీల్డ్ తీసేయొద్దు. వెనక కూర్చునేవాళ్ల పిక్కలు కాలేది, చీర, చున్నీ అంటుకునేది అక్కడే.
7. స్టార్ట్ చేసే ముందు స్టీలు మీది వేలిముద్రలు తుడవాలి. లేదంటే వేడికి మరకలుగా మిగిలిపోతాయి.
8. కొత్తదాని నుంచి మొదటి కొన్ని నిమిషాలు కాస్త పొగ రావడం మామూలే. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ సరిచూడాలి.

జాయింట్ దగ్గర నల్లటి మసి కనిపిస్తున్నా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టప్ టప్ అంటున్నా లీకేజీ ఉన్నట్టు అనుమానించాలి. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకైతే బయటి గాలి లోపలికి చేరుతుంది. పెట్రోల్ తక్కువైందని ఈసీయూ పొరపడి ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోయిందని మీరు ఇంజిన్‌ను తిట్టుకుంటారు.

వారంటీ, ఇన్సూరెన్స్ మాటేంటి?

మార్పు వల్ల ఇంజిన్ పాడైందని తేలితే కంపెనీ వారంటీ నిరాకరించవచ్చు. బండిలో చేసిన మార్పును ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ సమయంలో చిక్కు వస్తుంది.

సెకండ్ హ్యాండ్ బైక్ కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాత ఓనర్ వేసిన సైలెన్సర్ అయినా రోడ్డు మీద పట్టుబడేది నడిపేవాళ్లే. బేరం ఆడేటప్పుడే ఒరిజినల్ సైలెన్సర్ ఇమ్మని అడగండి. లేదంటే దాని ధర తగ్గించమనండి. మీ బైక్‌కే మార్చారా? అయితే తీసిన ఒరిజినల్‌ను పాత ఇనుప సామాన్ల షాపుకు వేయకండి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కొత్త సైలెన్సర్ కొనాలంటే ఎంతవుతుందో ఒకసారి షోరూమ్‌లో అడిగి చూడండి. అటక మీద దానికి ఎందుకు చోటివ్వాలో అప్పుడు అర్థమవుతుంది.