ఆయిల్లోకి నీళ్లొచ్చినాయి

రాయచోటికి రైలు లేదు. కడప–బెంగళూరు రైలు మార్గం మా ఊరి మీదుగా పోతుందని ఏళ్ల తరబడి వింటున్నాం. కానీ ఇన్నాళ్లూ ఈ ఊరి బతుకు టైర్ల మీదే నడిచింది. కడప, మదనపల్లె, చిత్తూరు, కదిరి, ఎటు పోవాలన్నా రోడ్డే. అట్లాంటి ఊళ్లో ఇంజన్ల పని పుట్టకుండా ఉంటుందా? 2022లో జిల్లా కేంద్రం అయినప్పుడు మా ఊరి గురించి చాలామంది రాసినారు. వీరభద్రస్వామి గుడి, కువైట్‌కు పోయినోళ్లు, మామిడి తోటలు అన్నీ వచ్చినాయి. మెకానిక్ షెడ్ల ఊసు మాత్రం నాకు కనపడలేదు. ఆ షెడ్లలోనే నేను పని నేర్చుకున్నా. అక్కడికొచ్చే ఇంజన్ల జబ్బుల్లో ఒకదాని గురించే ఇప్పుడు చెప్తా. ఇంజను హెడ్డు పని చేసి బిగించిన తర్వాత ఆయిల్లోకి నీళ్లు రావడం. మా పనివాళ్ల తెలివి ఎంతదో ఆ ఒక్క జబ్బు దగ్గరే తేలిపోతుంది.

మా పనికి మూలం లారీ కాదు, బాయి ఇంజను. పల్లెలకు కరెంటు సరిగా రాకముందు బాయిల్లో నీళ్లు తోడింది డీజిలే. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో మొదలైంది. వాళ్ల 5 హార్స్ పవర్ ఇంజన్లు, ఇంగ్లండు లిస్టర్‌ను చూసి రాజ్‌కోట్‌లో పోతపోసిన బరువైన ఇంజన్లు రాయలసీమ బాయిగట్ల మీద దడదడ కొట్టుకునేవి. చాలా వాటికి రేడియేటర్ ఉండేది కాదు. పంపు తోడిన నీళ్లలోనే కొంచెం సన్న పైపు గుండా ఇంజను చుట్టూ తిరిగి కాలవలో పడేది. ఇంజన్ను చల్లార్చేది ఆ బాయి నీళ్లే.

మా నేలలో నీళ్లు గట్టివి. గిన్నెలో నాలుగు రోజులు కాస్తే అడుగున తెల్లగా పక్కు కడతాయి. ఇంజను లోపల నీళ్ల దారుల్లోనూ అదే పక్కు. అది మందమయ్యే కొద్దీ ఇనుములోని వేడి నీళ్లకు అందదు. హెడ్డు కాగుతుంది, వంగుతుంది, దాని కింది ప్యాకింగ్, అంటే గ్యాస్కెట్, కాలుతుంది, నీళ్లు నూనెలో కలుస్తాయి. మా ఉస్తాద్ సైకిలు మీద పల్లెలకు పోయి ఈ ఇంజన్లు చూసేవాడు. పోగానే ఇంజను దగ్గర కూచునేవాడు కాదు. ముందు ఆ బాయి నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని రుచి చూసేవాడు. ఈ జబ్బులో సగం నీళ్లదేనని ఆయన నమ్మకం. ఇన్నేళ్ల తర్వాత నా నమ్మకమూ అదే.

తర్వాత లారీల కాలం వచ్చింది. టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1955 నుంచి అశోక్ లేలాండ్ అన్న పేరు నిలబడింది. ఆ బండ్లు చెనక్కాయ మూటలతో, మామిడికాయలతో మా రోడ్ల మీదికి వచ్చినాయి. కడప నుంచి వచ్చేవాళ్లకు గువ్వలచెరువు కనుమ ఎక్కుడు దారి. నిండు లోడుతో ఎండాకాలం మధ్యాహ్నం ఆ కనుమ ఎక్కిన బండి పైకి చేరేసరికి రేడియేటర్ బుసకొట్టేది. డ్రైవరు కంగారుపడి మూత తీసి చల్లనీళ్లు గుమ్మరించేవాడు. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చల్లనీళ్లు పడితే వాల్వుల మధ్య సన్నని పగులు పడుతుంది. ఆ బండి ఎట్లనో ఈడ్చుకుంటూ రాయచోటి షెడ్డు దాకా వచ్చేది. ఎందరో డ్రైవర్ల ప్రాణాలు తీసిన కనుమ అది. మాకు అన్నం పెట్టిందీ అదే. ఈ రెండో మాట చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు.

ఇక జబ్బు దగ్గరికి వస్తా. హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బండి పంపిస్తాం. కొన్నాళ్లకు డ్రైవరు వెనక్కి వస్తాడు. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన టీ రంగు. "గ్యాస్కెట్ పోయింది, మళ్లీ దించాల్సిందే" అనేస్తాడు తొందరపడే మెకానిక్. ఉస్తాద్ అట్లా అనడు. ఆయన మొదట అడిగే మాట ఒకటే: "అబ్బయ్యా, హెడ్డు ఎత్తకముందు బ్లాకులో నీళ్లు పూర్తిగా వంచినారా?"

ఈ ప్రశ్నలో చాలా ఉంది. నీళ్లు ఉండగానే హెడ్డు ఎత్తితే అవి పుష్ రాడ్ల సందుల్లోంచి జారి కింద ఆయిల్ ఛాంబర్‌లో చేరతాయి. వాటిని లీకు అనకూడదు, పని చేసినోళ్లు వదిలేసిన నీళ్లు. ఆయిల్, ఫిల్టర్ మార్చి, బండి కాసేపు నడిపి చూస్తే సంగతి తేలిపోతుంది. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీళ్లు ఇంకా ప్రమాదం. నీళ్లు అణగవు కాబట్టి బోల్టు లోపలికి దిగకుండానే బిగుసుకున్నట్టు చేతికి తెలుస్తుంది. గ్యాస్కెట్ మీద మాత్రం పట్టు ఉండదు. బలవంతం చేస్తే బ్లాకే పగులుతుంది. అందుకే మా షెడ్డులో ఉస్తాద్ ప్రతి రంధ్రంలోనూ గుడ్డ తిప్పి, గాలి కొట్టి ఆరబెట్టకుండా హెడ్డు మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

కొత్త ఆయిల్ పోసినా రంగు మారితే అప్పుడు రాత్రి పరీక్ష. బండిని చదును మీద నిలిపి, రాత్రంతా కదపకూడదు. నూనె కంటే నీళ్లు బరువు, మెల్లగా అడుగుకు దిగుతాయి. తెల్లవారి ఛాంబర్ కింద పడుకుని డ్రెయిన్ నట్టును కొద్దికొద్దిగా వదులు చేయాలి. పూర్తిగా తీయకూడదు. నట్టు అంచున ఒక చుక్క ఊరుతుంది. అది స్వచ్ఛంగా, వేలికి జిడ్డు లేకుండా పల్చగా ఉంటే నీళ్లే. దాని వెనక గోధుమ రంగు నురగ, ఆ తర్వాత నల్లని ఆయిల్. ఎన్ని చుక్కల తర్వాత రంగు మారిందో చూసి, లీకు పెద్దదో చిన్నదో ఉస్తాద్ చెప్పేసేవాడు.

ఎక్కడ నుంచి అన్నది తర్వాతి ప్రశ్న. ఛాంబర్ దించి, కింద పొడి కాగితాలు పరిచి, రేడియేటర్ నిండా నీళ్లు పోసి, చేతి పంపుతో మూత ఓర్చుకునేంత ఒత్తిడి మాత్రమే ఎక్కించి కూచోవాలి. పిస్టన్ పక్క నుంచి కారితే హెడ్డో గ్యాస్కెట్టో. పిస్టన్ ఆడే లైనర్ గొట్టం బయటి గోడ మీదుగా దిగితే కింద ఉండే ఓ-రింగులు. ముందు వైపు తడిస్తే టైమింగ్ కవర్ చూడాలి. ఆయిల్ కూలర్ లెక్క వేరు. ఇంజను నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిలే రేడియేటర్‌లోకి పోతుంది. ఇంజను ఆపినాక నీళ్లు ఆయిల్లోకి వస్తాయి. రెండు చోట్లా మడ్డి కనపడితే కూలర్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఒక లారీ నాకు బాగా గుర్తు. వేరే ఊళ్లో ఒక షెడ్డులో దాని హెడ్డు మళ్లీ మళ్లీ దించి ఫేసింగ్ చేసినారు. యజమాని అప్పుల పాలైనాడు. మా దగ్గర ఛాంబర్ దించితే మూడో లైనర్ అడుగు నుంచి చుక్క పడింది. హెడ్డు తీసి ఉన్నప్పుడు ఎవరో క్రాంకు తిప్పినారు. పైన పట్టు లేని లైనర్ పిస్టన్‌తో పాటు వెంట్రుక వాసి పైకి లేచింది, కింద రబ్బరు రింగు మెలిపడింది. హెడ్డులో ఏ దోషమూ లేదు. హెడ్డు తీసినప్పుడు లైనర్లను పట్టీలతో బిగించి ఉంచాలన్న నియమం అందుకే.

1980ల తర్వాత కార్లు, అల్యూమినియం హెడ్లు, ఆకుపచ్చ కూలెంట్ ఒక్కొక్కటిగా మా రోడ్డుకు వచ్చినాయి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను ఫ్రాన్సులో వుర్ట్జ్ 1850లలోనే తయారు చేసినాడు. పక్కు, తుప్పు పట్టకుండా మందులు కలిపి వస్తుంది కాబట్టి మా గట్టి నీళ్లకు ఇదే సరైన విరుగుడు. అయితే ఆయిల్లోకి పోతే మాత్రం మామూలు నీళ్ల కంటే చేటు. నీళ్లు వేడికి కొంత ఆవిరైపోతాయి, గ్లైకాల్ నిలిచి ఆయిల్‌ను ముద్ద చేస్తుంది, బేరింగులు తినేస్తుంది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే రెండింతలు సాగుతుంది కాబట్టి హెడ్డు తేలిగ్గా వంగుతుంది, ఆ వంపు కంటికి కనపడదు. స్టీలు పట్టీ పెట్టి ఫీలర్ గేజితో కొలవాల్సిందే. పూర్వం రాగి, ఆస్బెస్టాస్ ప్యాకింగులు గరుకు ముఖాన్ని కూడా ఓర్చుకునేవి. ఆ ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరికి చేటని మాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పటి స్టీలు పొరల గ్యాస్కెట్ గీతను కూడా ఓర్చదు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 బండ్లు. షెడ్డులోని కుర్ర మెకానిక్‌లు స్కానర్ తగిలించి పని మొదలుపెడతారు, మంచిదే. కానీ ఆయిల్లో నీళ్లు కలిసినాయని చెప్పే సెన్సర్ మా దగ్గరికి వచ్చే బండ్లలో నేను చూడలేదు.

హెడ్డు పని చేయించుకున్నవాళ్లకు నా మాట ఇది. మొదటి వారం రోజులూ పొద్దున్నే స్టార్ట్ చేయకముందే డిప్ స్టిక్ తీసి చూడండి. రంగు మారినా, ఆయిల్ మట్టం పెరిగినా తాళం తిప్పొద్దు. హెడ్డు మళ్లీ దించుతామంటే, ముందు ఛాంబర్ దించి చుక్క ఎక్కడ పడుతుందో చూపించమని అడగండి. రేడియేటర్‌లో మాత్రం బోరు నీళ్లు పోయకండి.