మంగలికత్తి తుప్పు పట్టకుండా దాచుకోవడం ఎలా?

మన పావగడ తాలూకాలో పాత ఇళ్ళు దులిపినప్పుడు ట్రంకు పెట్టె అడుగునో, గూట్లోనో ఒక మడత మంగలికత్తి బయటపడుతూ ఉంటుంది. తాతగారు సొంతంగా గడ్డం గీసుకున్నది కావచ్చు, నాయీ బ్రాహ్మణుల ఇంట్లో మూడు తరాల చేతులు మారిన వృత్తి కత్తి కావచ్చు. దాన్ని ఏం చేయాలో తెలియక గుజరీ అంగడికి వేసేవాళ్ళను మేము చూస్తున్నాం. పైన ఎర్రగా కనిపించినంత మాత్రాన కత్తి పోయినట్టు కాదు. తుప్పు అంచు దాకా వెళ్ళి గుంటలు పడితేనే అది మళ్ళీ గీయడానికి పనికిరాదు. ఆ దశకు రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు కాబట్టి ఈ వివరాలు రాస్తున్నాం.

మన సీమ వానలు తక్కువ పడే సీమ, ఇక్కడ ఇనుము చెడదు అని కొందరి నమ్మకం. అందులో సగమే నిజం. మంగుళూరులోనో చెన్నైలోనో ఉన్న బంధువు ఇంట్లో నెలల్లో పట్టే తుప్పు ఇక్కడ ఏళ్ళు తీసుకుంటుంది. కానీ పాత మంగలికత్తుల్లో చాలావరకు స్టెయిన్‌లెస్ కావు. నూటికి ఒక పాలు దాకా బొగ్గుపదార్థం కలిసిన ఉక్కు అది. పదును బాగా పడుతుంది, తుప్పూ తొందరగా పడుతుంది. ఉక్కు, నీరు, గాలి మూడూ కలిస్తే చాలు. వాటికి ఉప్పు తోడైతే పని ఇంకా వేగం. చెమటలో ఉప్పు ఉంటుంది. మన బోరు నీళ్ళలోనూ లవణాలు ఎక్కువే. ఆ నీళ్ళతో కడిగి వదిలేస్తే నీరు ఆరిపోయినా తెల్లటి పొర అలుగు మీద మిగులుతుంది. అది గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. పావగడ నీళ్ళు అనగానే మనకు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గానీ, కత్తి విషయంలో అసలు శత్రువు మామూలు ఉప్పే.

మరి పాతకాలం మంగలి పొదిలో, తోలు సంచిలో పెట్టుకు తిరిగిన కత్తికి తుప్పు ఎందుకు పట్టలేదు అని అడుగుతారు. రోజూ వాడారు గనుక పట్టలేదు. ప్రతి క్షౌరానికీ ముందు తోలుపట్టా మీదనో అరచేతి మీదనో అటూ ఇటూ తిప్పుతారు. ఆ రాపిడికే తేమ, సన్నని తుప్పు పొర రెండూ పోతాయి. తుప్పు పట్టేది పక్కన పెట్టేసిన కత్తికే. అందుకని, ఆ పెద్దలు అలా పెట్టేవారు గదా అని మనం తోలు ఒరలో వేసి ఏళ్ళ తరబడి దాచకూడదు. తోలు తేమను పీల్చుకుంటుంది. తోలు పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు కూడా ఉక్కుకు పడవు.

దాచే ముందు చేయాల్సింది ఇది. కత్తిని సబ్బు నీళ్ళతో కడిగి, చివరిసారి ఫిల్టర్ నీళ్ళతో తొలచాలి. మెత్తటి నూలుగుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడవాలి, అంచుకు అడ్డంగా వేలు పోనివ్వకూడదు. ఆ తర్వాత మడత విప్పే నీడలో ఒక పూట ఆరబెట్టాలి. అలుగు పిడిలోకి తిరిగే కీలు దగ్గర నీళ్ళు నిలుస్తాయి. మేము చూసిన కత్తుల్లో ఎక్కువ భాగం చెడింది అక్కడే, అలుగు మీద కాదు. అందుకని కీలులో ఒక చుక్క నూనె వేసి రెండు మూడుసార్లు తెరిచి మూయాలి.

ఏ నూనె? ఇంట్లో ఉందని కొబ్బరినూనె రాస్తారు. కొన్నాళ్ళకు అది మక్కిపోయి ఆమ్లాలు పుడతాయి, అవి ఉక్కును తింటాయి. మన శెనక్కాయల నూనె గాలికి జిగురు కడుతుంది. ఆముదం కొంత నయం, కానీ చిక్కగా ఉండి దుమ్మును లాగుతుంది. అన్నిటికన్నా మంచిది కుట్టుమిషన్ నూనె, లేదా మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్. ఇవి చెడిపోవు. ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచేదైతే వాజిలిన్ పలచగా పూసినా సరే. నూనె కారేలా అక్కర్లేదు, వేలికి జిడ్డు తెలిస్తే చాలు.

తర్వాత శుభ్రమైన పొడి నూలుగుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. వార్తాపత్రిక కాగితం వద్దు, తేమ పీలుస్తుంది. చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన వేయండి. బియ్యంలో దాచడం కన్నా ఇది మేలు. స్నానాల గదిలో, వంటింటి అటక మీద మాత్రం పెట్టవద్దు. ఆరు నెలలకొకసారి తీసి చూసి నూనె మార్చాలి. వానలకు ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి అని పెట్టుకుంటే గుర్తుంటుంది.

పిడి సంగతి కూడా చూడాలి. కొమ్ము పిడికి పురుగు పడుతుంది, ఎండాకాలం పగులుతుంది. దానికీ కాస్త నూనె పట్టించవచ్చు. ఏనుగు దంతంలాగో తాబేటి చిప్పలాగో మెరిసే పాత పిడి, రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. పాతబడిన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి లోపల మూసి ఉన్న అలుగును తుప్పు పట్టిస్తుంది. నూనె పూసినా ఆగదు. అలాంటి కత్తిని గాలి చొరబడని డబ్బాలో పెట్టకూడదు. పక్కన ఇంకో కత్తి ఉంచకూడదు. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది, దీపం దగ్గర అసలు వద్దు.

ఇక ఆయుధపూజ. ఇది నొచ్చుకునే విషయం అయినా చెప్పాలి. మహర్నవమి నాడు కత్తికి తడి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, పూలు వేసి, మూడు రోజులు అలాగే వదిలేస్తాం. మన దగ్గర వానలు పడేదీ ఆ నెలల్లోనే. నిమ్మరసం ఒక్క రాత్రిలో అలుగు మీద నల్లటి మరక వేస్తుంది. పసుపు తడి కింద చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. బొట్టు పిడికి పెట్టండి, లేదా కత్తి ఉన్న డబ్బాకు పెట్టండి. నిమ్మకాయను కొడవలితో కోయండి. పూజకు లోటేమీ రాదు.

తుప్పు ఇప్పటికే పట్టి ఉంటే చింతపండు, నిమ్మకాయ, గరుకు కాగితం వాడకండి. నూనె వేసి ఒక రోజు నాననిచ్చి గుడ్డతో రుద్దితే ఎర్రపొర చాలావరకు వస్తుంది. మిగిలినదానికి ఇత్తడి తోమే బ్రాసో లాంటిది కొంచెం. నల్లటి మచ్చ మిగిలితే మిగలనివ్వండి, అది హాని చేయదు. శుద్ధి అని చెప్పి మంట మీద కాల్చవద్దు. నీలిరంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే, ఆ పదును తిరిగి రాదు. బ్లీచింగ్ నీళ్ళలో ముంచితే గుంటలు పడతాయి.

ఇలా దాచిన కత్తితో పిల్లల పుట్టు వెంట్రుకలు తీయించాలని కొందరికి ఆశ. వద్దని మా సలహా. తుప్పు వల్లే ధనుర్వాతం వస్తుందన్నది పొరపాటు, దాని క్రిమి మట్టిలో ఉంటుంది. కానీ హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులకు తక్కువ కాకుండా బతుకుతుంది. నూనె దాన్ని చంపదు. తిరుమల కల్యాణకట్టలో కూడా ఇప్పుడు బ్లేళ్ళే వాడుతున్నారు. తాతగారి కత్తిని పళ్ళెంలో పెట్టి, పని కొత్త బ్లేడుతో కానివ్వండి.

చివరగా, అలుగు మొదట్లో, పిడి దగ్గర చెక్కిన ముద్రను రుద్ది చెరపకండి. జర్మనీలోని జోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్ళ పేర్లు అక్కడ కనిపించవచ్చు. విదేశీ సరుకుపై పుట్టిన దేశం పేరు వేసే పద్ధతి బ్రిటిష్ వారు 1887లో చేసిన చట్టంతో బలపడింది. కాబట్టి జర్మనీ అని దేశం పేరు కూడా ఉంటే ఆ కత్తి దాదాపుగా ఆ తర్వాతదే. ముద్ర లేకపోతే మన కమ్మరి కొలిమిలో తయారైనదీ కావచ్చు. చదవలేకపోతే వెలుతురులో ఫొటో తీసి సంఘానికి తెచ్చి చూపించండి, కలిసి చదువుదాం.