అడవి అంచున కంపెనీ పెట్టడం: సింగరేణి నుంచి మిల్లెట్ బిస్కెట్ల దాకా

‘స్టార్టప్’ అనే మాట మన పిల్లల నోట ఈ మధ్యనే వినిపిస్తోంది. ఆ పని మాత్రం మన ప్రాంతంలో 140 ఏళ్ల నాటిది. అంతకుముందు ఎవరూ చేయని పనికి పూనుకోవడం, దానికి బయటి నుంచి డబ్బు తేవడం, సరుకు అమ్ముడుపోయి చేతిలో రూపాయి పడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం. స్టార్టప్ అంటే ఇదే అయితే ఇల్లెందు బొగ్గు గని ఒక స్టార్టప్పే. సారపాక అట్టల మిల్లూ, పాల్వంచ స్పాంజ్ ఐరన్ కర్మాగారమూ అలాంటివే.

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం ఇమ్మని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మన బడిలో చదివిన వాళ్లం ఎక్కువ మందిమి ఉద్యోగాలకే వెళ్లాం. గనిలోనో, కరెంటు ప్లాంటులోనో, టీచరుగానో, తర్వాతి వాళ్లు హైదరాబాద్‌లోనో స్థిరపడ్డారు. సొంతంగా ఏదో ఒకటి పెట్టినవాళ్లం కొద్దిమందిమే. వాళ్లలో నేనొకణ్ణి. పాల్వంచ దగ్గర ఆకు విస్తళ్ల యూనిట్ పెట్టి పదకొండేళ్లు నడిపాను. ఆ అనుభవంతో మన వైపు కంపెనీల చరిత్ర చదువుతుంటే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఇక్కడ సరుకుకు ఏనాడూ కొదవ లేదు. నేల కింద బొగ్గు, నేల మీద అడవి, పక్కనే గోదావరి. అయినా ప్రతి కంపెనీ డబ్బు దగ్గరో, దారి దగ్గరో, మనుషుల దగ్గరో తడబడింది. ఆ మూడింటినీ సరిచేసుకున్నవే నిలిచాయి.

బొగ్గు కన్నా ముందు షేర్లు

భద్రాచలం నడిచిపోయే భక్తులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని మన వైపు చెప్పుకుంటారు. కాగితాల మీద ఉన్న చరిత్ర 1871తో మొదలవుతుంది. ఆ ఏడాది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. అక్కడి నుంచి కంపెనీ పుట్టడానికి 15 ఏళ్లు పట్టింది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం రాజ్యంలో గనుల తవ్వకం హక్కు సంపాదించింది.

ఈ కంపెనీ పుట్టుకలోనే ఒక కుంభకోణం ఉంది. కంపెనీ మూలధనం పది లక్షల పౌండ్లని ప్రకటించారు. అందులో అధిక భాగం షేర్లు, హక్కు సంపాదించిన వాట్సన్, స్టీవర్ట్ అనే వాళ్ల చేతికి డబ్బు కట్టకుండానే వెళ్లాయి. ఆ షేర్లలో కొన్నింటిని నిజాం సర్కారు చేతే అసలు ధర కన్నా ఎక్కువకు కొనిపించారు. ఆ బేరంలో నడుమ నిలిచినవాడు నిజాం సర్కారు పెద్ద ఉద్యోగి అబ్దుల్ హక్. సంగతి బయటపడి 1888లో లండన్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. అంటే ఇల్లెందు బొగ్గు సరిగా బజారుకు చేరకముందే, దాని పేరు మీద లండన్‌లో కొందరు డబ్బు చేసుకున్నారు. ఈ రోజుల్లో సరుకు కన్నా ముందు కంపెనీ ‘విలువ’ గురించి వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

మరి ఇంత అపకీర్తి తర్వాత కంపెనీ ఎలా బతికింది? దారి దొరికింది కాబట్టి. నిజాం రైలు మార్గం 1886లో వరంగల్‌కు, 1889కల్లా బెజవాడకు చేరింది. డోర్నకల్ నుంచి ఒక పాయ ఇల్లెందు గనుల దాకా వేశారు. ఆ రైలు బొగ్గును మోసుకుపోవడమే కాదు, తానే ఆ బొగ్గును కొనేది. ఇంజనుకు బొగ్గు కావాలి, బొగ్గుకు ఇంజను కావాలి. కొత్త కంపెనీకి ఇంతకన్నా నమ్మకమైన ఖాతాదారు దొరకడు. రాజ్యమంతటా ఖనిజాలు తవ్వుతామని బయలుదేరిన ఆ కంపెనీ రాయచూరు వైపు హట్టిలో బంగారం కూడా తవ్వింది. చివరికి దాన్ని నిలబెట్టింది మన నల్ల బొగ్గే.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ తీసుకుంది. 1945లో హైదరాబాద్ రాజ్యం అందులో అధిక వాటాలు కొన్నది. ప్రభుత్వం చేతికి వచ్చాక కష్టాలు తీరిపోయాయనుకోవద్దు. 1990లలో పేరుకున్న నష్టాలతో సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు మెట్లెక్కింది. ఒక గనిలో సమ్మె ముగిసేలోపు ఇంకో గనిలో మొదలయ్యే రోజులవి. మనలో ఎంతోమంది ఇళ్లలో జీతం రాని నెలలు గుర్తుండే ఉంటాయి. అప్పుల వాయిదాలో ప్రభుత్వాలు వెసులుబాటు ఇచ్చాయి. దాంతో పాటు 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. కార్మికుల తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికులే తేల్చారు. కంపెనీ తేరుకోవడంలో డబ్బు పాత్ర ఎంతో, ఈ ఓటు పాత్రా అంతే ఉందని నా అభిప్రాయం.

సారపాక మిల్లు, జామాయిల్ చేలు

రైలు వచ్చినా భద్రాచలం దూరంగానే ఉండిపోయింది. కొత్తగూడెంలో ఉన్న స్టేషన్‌కు ‘భద్రాచలం రోడ్’ అని పేరు. బోర్డు చూసి దిగిన యాత్రికుడికి అసలు భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లుందని తెలిసేసరికి బండి వెళ్లిపోయి ఉంటుంది. 1965లో గోదావరి మీద వంతెన అయ్యేదాకా ఏరు దాటడమంటే పడవే. రోడ్డూ వంతెనా ఉన్నాయి కాబట్టే ఆ తర్వాతి పెద్ద ప్రయత్నం సారపాకలో సాధ్యమైంది.

అప్పటిదాకా సిగరెట్లకు పేరుపడ్డ ఐటీసీ, పెట్టెలకు కావలసిన అట్టను తానే తయారు చేసుకోవాలని భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీని ప్రోత్సహించి 1979లో ఆ రంగంలో అడుగు పెట్టింది. నీళ్లకు గోదావరి, బాయిలరుకు పక్కనే సింగరేణి బొగ్గు, గుజ్జుకు అడవి వెదురు. కాగితం మీద ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

కానీ వెదురు పెరిగే వేగం వేరు, మిల్లు తినే వేగం వేరు. అడవి తరిగిపోతుంటే దేశమంతా ఆలోచన మారింది. పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా ఒప్పందం పెట్టుకుని పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. అడవి మీద లెక్కలు కట్టుకున్న మిల్లులన్నిటికీ అది గడ్డు కాలం. సారపాక మిల్లు 1980ల చివర్లో మేలురకం జామాయిల్ మొక్కల మీద పరిశోధన మొదలుపెట్టింది. బాగా పెరిగిన చెట్టు కొమ్మ నుంచే మొక్కలు కట్టి, వాటికి నంబర్లు ఇచ్చి రైతులకు అమ్మింది. ‘భద్రాచలం క్లోన్లు’గా అవి జిల్లా దాటి, రాష్ట్రం దాటి వెళ్లాయి. నర్సరీకి పోయి రైతులు నంబరు చెప్పి మొక్క అడగడం మనమందరం విన్నదే. జామాయిల్, సుబాబుల్ ధర దగ్గర రైతుకూ మిల్లులకూ పేచీ తెగిందని చెప్పలేం. తిండి పంట పోయి కర్ర పంట వచ్చిందన్న బాధలోనూ నిజం ఉంది. అయినా అడవిని నమ్ముకుని పుట్టిన మిల్లు చేను మీద ఆధారపడి బతకడం నేర్చుకుంది. 2002లో ఆ కంపెనీ ఐటీసీలో విలీనమై దానిలో ఒక విభాగమైంది.

పాల్వంచ కథ వేరు. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారు చేయవచ్చని మన దేశంలో మొదట చూపించింది అక్కడి స్పాంజ్ ఐరన్ ఇండియా కర్మాగారం. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో, సింగరేణి బొగ్గుతో 1980లో పని మొదలుపెట్టింది. ప్రయోగం నెగ్గింది. ఆ తర్వాత ఇనుప ఖనిజం దండిగా ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో ఆ రకం కర్మాగారాలు పుట్టగొడుగుల్లా లేచాయి. దారి చూపిన పాల్వంచ సంస్థ చిన్నదిగానే ఉండి 2010లో ఎన్.ఎం.డి.సి.లో కలిసిపోయింది. ముందు నడిచినవాడికి ముళ్లు గుచ్చుకుంటాయి, వెనక వచ్చినవాడికి బాట దొరుకుతుంది.

సాయంత్రం కూలీ, తొంభై రోజుల బిల్లు

పెద్ద కంపెనీల పక్కన నా విస్తళ్ల యూనిట్ చీమంత. ఆ చీమకూ అవే మూడు కష్టాలు. ఆకు తెచ్చే కోయ ఆడవాళ్లకు సాయంత్రానికి డబ్బు ఇవ్వాలి. వారి ఇంట్లో పొయ్యి దాని మీదే వెలగాలి. నగరంలో సరుకు కొన్న వ్యాపారి బిల్లు ఇచ్చేది తొంభై రోజులకు, ఒక్కోసారి దసరా దాటాక. ఈ సాయంత్రానికీ ఆ తొంభై రోజులకూ మధ్య ఉన్న ఎడమే చిన్న కంపెనీని చంపేది. లాభం పుస్తకంలో కనిపిస్తూనే ఉంటుంది, గల్లాపెట్టెలో ఉండదు. వానాకాలం ఆకుకు బూజు, కరెంటు పోతే ప్రెస్ ఆగిపోవడం సరేసరి. థర్మాకోల్ ప్లేట్లు వచ్చాక ధర కలవలేదు. మెషీన్లు ఒక మహిళా సంఘానికి ఇచ్చేశాను.

అప్పు తెద్దామంటే ఇంకో చిక్కు. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచారు. మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఆ చట్టం లేకపోతే ఆదివాసీకి ఇవాళ సెంటు భూమి మిగిలేది కాదు కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ వేలం వేస్తే కొనేవాళ్లు తక్కువ కనుక బ్యాంకులు ఆ భూమి హామీ మీద అప్పుకు వెనకాడతాయి. చట్టం కాపాడిన ఆస్తి పెట్టుబడిగా మారదు. ఈ ముడి విప్పే బాధ్యత ఆదివాసీ మీద వేయడం న్యాయం కాదు.

ఇదే చట్టం ఆధారంగా 1997లో ‘సమత’ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. ఆదివాసీల సహకార సంఘాలు తవ్వుకోవచ్చన్నది. కంపెనీకి యజమాని ఎవరు అన్న ప్రశ్నను ఆ తీర్పు ముందుకు తెచ్చింది.

ఇప్పుడు పుడుతున్నవి

యజమాని ప్రశ్నకు పాత జవాబు 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ. తపసి జిగురు, చింతపండు, ఇప్పపువ్వు సేకరించిన వాళ్ల దగ్గర నేరుగా కొని షావుకారు చేతి నుంచి తప్పించాలన్నది దాని ఉద్దేశం. అందులో ఆదివాసీ అమ్మేవాడే గానీ నడిపేవాడు కాడు.

కొత్త జవాబు ఈ మధ్య భద్రాచలంలో కనిపిస్తోంది. ఒకప్పుడు పొలాల్లో కూలికి పోయిన ఆడవాళ్లు సంఘంగా చేరి, శిక్షణ తీసుకుని, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. పేరు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’. ‘గిరి’ పేరుతో శానిటరీ ప్యాడ్లు కూడా చేస్తున్నారు. మూడు నెలల్లో 40,000 ప్యాడ్లు తయారుచేసి బళ్లకూ ఆఫీసులకూ అందించారని, వాళ్ల బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి చెప్పారు. 1886లో మన బొగ్గు పేరు మీద లండన్‌లో షేర్లు అమ్మారు. ఇప్పుడు మన ఆడవాళ్లు చేసిన సరుకే లండన్ వెళ్తోంది. 140 ఏళ్లలో వచ్చిన మార్పు ఇదే.

అయితే పొగడ్తతో కంపెనీ నడవదు. వీళ్లకూ సాయంత్రం కూలీ ఉంటుంది, తొంభై రోజుల బిల్లూ ఉంటుంది. ఆర్డరు ఒక నెల రాకపోతే, పిండి ధర పెరిగితే నిలబడే శక్తి ఉండాలి. మన సంఘం ఇక్కడ పనికొస్తుంది. స్వర్ణోత్సవం ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో ఒక చిన్న నిధి పెడదాం. మన బడిలో చదివిన పిల్లలు గానీ, వాళ్ల తల్లులు గానీ పెట్టిన యూనిట్లకు బిల్లు వచ్చేదాకా వడ్డీ లేని చేబదులుగా ఇద్దాం. తిరిగి వచ్చిన డబ్బు ఇంకొకరికి వెళ్తుంది. బ్యాంకులో, లెక్కల శాఖల్లో పనిచేసి రిటైరైన మిత్రులు నెలకు ఒక ఆదివారం వాళ్ల పద్దులు చూసిపెడితే అది డబ్బు కన్నా విలువైన సాయం.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏడాదికొకసారి ఇల్లెందు పాత గనుల దగ్గరికి, సారపాక మిల్లుకు, భద్రాచలం బిస్కెట్ల యూనిట్‌కు ఒకే యాత్రలో తీసుకెళ్లండి. ప్రతి చోటా మూడు ప్రశ్నలు అడగమనండి. మొదటి డబ్బు ఎవరిది? సరుకు ఏ దారిన పోతుంది? లాభం ఎవరింటికి చేరుతుంది? ఈ మూడింటికీ జవాబు రాసుకొచ్చిన పిల్ల రేపు గోదావరి ఒడ్డునే ఏదో ఒకటి పెట్టగలదని నా నమ్మకం.