పొల్లు చిక్కు: అంతర్జాలంలో తెలుగు పేర్ల చరిత్ర

విజయనగరం నుండి తూర్పు కనుమలను దాటి రాయ్‌పూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. తెలుగునాడుతో ఇంత దగ్గరి సంబంధం గల ఆ నగరంలో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి పేరును హిందీలో రాసేటప్పుడు యకారాన్ని పూర్తి అక్షరంగానే ఉంచి, పలికేటప్పుడు మాత్రం అచ్చును విడిచిపెడతారు. తెలుగు లిపికి అటువంటి అలవాటు లేదు. అచ్చు లేనిచోట పొల్లు కనబడవలసిందే. అంతర్జాలంలో పేర్లకు నియమాలు ఏర్పరచినవారు ఈ భేదంతో తలపడక తప్పలేదు.

1983లో రూపొందిన డొమైన్ పేర్ల వ్యవస్థకు ఆంగ్లాక్షరాలు, అంకెలు, చిన్న గీత మాత్రమే తెలుసు. ఇతర లిపులలోని పేరును ఆ అక్షరాలలోకి మార్చి దాచే పద్ధతి 2003లో ప్రమాణమైంది. అయినా పేరులోని చివరి భాగం, అంటే అగ్రస్థాయి డొమైన్, రోమను లిపిలోనే ఉండిపోయింది. దేశాలు తమ లిపులలో దానిని కోరవచ్చునని ఐకాన్ సంస్థ 2009 అక్టోబరులో సియోల్‌లో నిర్ణయించగా, 2010 మే నెలలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ. అరబ్బీ పేర్లు మొదట వెలువడ్డాయి. 2011లో భారతదేశానికి దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, తమిళం, తెలుగు, ఉర్దూ రూపాలు లభించాయి. ఇవి భాషలకుగాక లిపులకు దక్కిన పేర్లనుట సబబు. ఛత్తీస్‌గఢీ సైతం దేవనాగరిలోనే రాయబడుతున్నందున, 2014 ఆగస్టులో నమోదుకు తెరచిన దేవనాగరి రూపమే దానికీ ఆధారం.

తమిళులు ‘ఇందియా’ను ఎంచుకున్నారు. మనకు ‘భారత్’ వచ్చింది. ‘భారతం’ అంటే తెలుగువాడికి ముందుగా ఇతిహాసమే స్ఫురిస్తుంది గనుక ఈ ఎంపికను తప్పుపట్టలేము. కాని అజంత భాషగా పేరుపొందిన తెలుగుకు హలంతమైన పేరు దక్కడం విచిత్రమే. దేవనాగరిలో నాలుగు సంకేతాలతో ముగిసే మాట, పొల్లు కారణంగా తెలుగులో అయిదింటిని కోరుతుంది.

మాట చివరి పొల్లుతో చిక్కు లేదు. నడుమ వచ్చే పొల్లుతోనే అసలు చిక్కు. కంప్యూటరు పొల్లు తరువాతి హల్లును ఒత్తుగా మారుస్తుంది. అప్పుడు రాయ్‌పూర్ కాస్తా ‘రాయ్పూర్’ అవుతుంది. భారతీయ లిపులకై 1991లో వెలువడిన ఇస్కీ ప్రమాణంలో పొల్లును రెండుసార్లు కొట్టి దీనిని నివారించేవారు. యూనికోడ్‌లో ఆ పనిని కంటికి కనబడని వేరొక సంకేతం చేస్తుంది. 2003 నాటి ప్రమాణం పేర్లలోని ఆ సంకేతాన్ని లెక్కచేయక తొలగించేది. 2010లో వచ్చిన సవరణ, పొల్లు వెంట వచ్చినప్పుడు దానిని అనుమతించింది. అగ్రస్థాయిలో మాత్రం నిషేధం సడలలేదు. తెలుగు లిపికై 2019లో వెలువడిన నియమావళిలోనూ దానికి చోటు లేదు.

ఈ కాఠిన్యానికి కారణం ఉంది. కనబడని సంకేతం ఉన్న పేరు, లేని పేరు కొన్నిచోట్ల ఒకేలా కనబడి మోసగాళ్లకు ఆయుధం కాగలవు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుండి విడివడినవి కావడం చేత రకారం వంటి అక్షరాలను ఆ నియమావళి పరస్పర రూపాంతరాలుగా ఎంచింది. కాబట్టి ఇటువంటి అక్షరాలతోనే కూడిన పేరు ఒక లిపిలో ఒకరికీ, రెండవ లిపిలో వేరొకరికీ దక్కదు. ఈ జాగ్రత్త న్యాయమైనదే. అయితే దాని మూల్యం అన్ని లిపులపై సమానంగా పడలేదు. రాయపూర్ అని హిందీవారివలె రాస్తే ఉచ్చారణ చెడుతుంది. ‘రాయపూరు’ అని అజంతం చేస్తే నియమానికీ, తెలుగు సంప్రదాయానికీ రెండింటికీ ఒప్పుతుంది. నాకు ఇదే మేలనిపిస్తున్నది. ఛత్తీస్‌గఢ్‌కు ఆ ఉపాయం అంత సులభంగా పొసగదు. పొరుగున ఉన్న రాజ్‌నంద్‌గావ్‌కైతే కనబడని సంకేతాలు రెండు కావాలి.